మన రక్తంలోని ఇనుము ఎక్కడిది?



మన వసతిగృహ వార్షికోత్సవ సంచికకు ఒక వ్యాసం రాసి పంపమని కబురు వచ్చినప్పుడు ఏ విషయం మీద రాయాలా అని కొంచెం ఆలోచించాం. ప్రతి సంచికలోనూ విద్య విలువ మీద, క్రమశిక్షణ మీద, అంబేద్కర్ ఆశయాల మీద మంచి వ్యాసాలు వస్తూనే ఉన్నాయి. ఇక్కడ చదువుకున్న రోజుల్లో మేమూ అవే రాశాం. ఈసారి పేలిపోయిన నక్షత్రాల గురించి రాస్తున్నాం. నక్షత్రం పేలాక మిగిలిన శేషం ఏమవుతుంది, దానికీ పేరాలలో ట్రంకుపెట్టె పెట్టుకుని చదువుకునే మనకూ ఏమిటి సంబంధం అన్నది మా విషయం. చదివాక ఏ సంబంధమూ లేదనిపిస్తే వార్షికోత్సవం రోజున మమ్మల్ని నిలదీయండి.

ఈ ఆలోచనకు కారణం ఒక తమ్ముడు. మొన్న దసరా సెలవులు అయ్యాక యూనివర్సిటీకి తిరిగి వెళ్తూ ఒక పూట హాస్టల్‌కు వచ్చాం. పదో తరగతి చదివే ఆ తమ్ముడు అడిగాడు: “అన్నా, మీరు ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేస్తున్నారంట గదా. అది చదివితే ఏ ఉద్యోగం వస్తుంది?” మేము జవాబు చెప్పేలోపే పక్కనున్న పెద్దాయన ఒకరు కల్పించుకుని, “చుక్కలు లెక్కపెట్టుకునే చదువులు ఉన్నోళ్ళకి రా అబ్బాయ్. మనలాంటోళ్ళు తొందరగా కూడు పెట్టే చదువు చూసుకోవాల” అన్నారు. ఆయన చెడ్డ ఉద్దేశంతో అనలేదు. మన మంచి కోరే అన్నారు.

మా ఇళ్ళలోనూ ఇదే మాట. మాలో చాలామంది ఇళ్ళలో డిగ్రీ పట్టా పుచ్చుకున్న మొదటి మనిషి మేమే. మా నాన్నలు మగ్గం గుంటలో కూర్చుని కూలికి నేసినవాళ్ళు. మా అమ్మలు కండెలు చుట్టినవాళ్ళు, మిరప చేలల్లో కాయలు కోసినవాళ్ళు. వాళ్ళు అప్పు చేసి బస్సు ఛార్జీలు చేతిలో పెట్టి పంపితే, మేము ఆకాశం వంక చూస్తామంటే ఏ తల్లిదండ్రులకైనా భయం వేస్తుంది. కాబట్టి ఆ పెద్దాయనకు జవాబు చెప్పాల్సిన బాధ్యత మా మీద ఉంది. ఆ జవాబే ఈ వ్యాసం.

నక్షత్రం ఎందుకు పేలుతుంది?

నక్షత్రం అంటే ఒక పెద్ద వాయుగోళం. దాని బరువే దాన్ని లోపలికి నొక్కుతూ ఉంటుంది. లోపల పుట్టే వేడి బయటికి నెడుతూ ఉంటుంది. ఈ రెండూ సరితూగినంత కాలం నక్షత్రం నిలబడుతుంది. మన సూర్యుడు సుమారు 460 కోట్ల సంవత్సరాలుగా అలా నిలబడి ఉన్నాడు. హైడ్రోజన్ కేంద్రకాలు కలిసి హీలియం కావడం వల్ల ఆ వేడి పుడుతుంది.

సూర్యుడికి ఎనిమిది రెట్లు, అంతకు మించి బరువున్న నక్షత్రాల్లో కథ ఇంకా సాగుతుంది. హైడ్రోజన్ అయిపోతే హీలియం, ఆ తర్వాత కర్బనం, నియాన్, ఆక్సిజన్, సిలికాన్ ఒకదాని తర్వాత ఒకటి మండుతాయి. చివరికి నక్షత్రం గర్భంలో ఇనుము మిగులుతుంది. ఇనుము కేంద్రకాలను కలిపితే శక్తి రాదు, పైగా ఖర్చవుతుంది. పొయ్యిలో కట్టెలు అయిపోయినట్టే. బయటికి నెట్టే బలం తగ్గగానే ఆ గర్భం ఒక సెకను కూడా పట్టకుండా కుప్పకూలుతుంది. పై పొరలు పేలి ఎగిరిపోతాయి. దీన్నే సూపర్‌నోవా అంటారు.

ఇంకొక రకం పేలుడు కూడా ఉంది. సూర్యుడి లాంటి చిన్న నక్షత్రాలు చివరికి భూమి అంత చిన్న గోళంగా కుదించుకుపోతాయి. వాటిని శ్వేత కుబ్జ తారలు అంటారు. అలాంటి తార పక్కనున్న తోడు నక్షత్రం నుంచి పదార్థాన్ని లాక్కుని, ఒక హద్దు దగ్గరకు వచ్చేసరికి మొత్తంగా పేలిపోవచ్చు. ఆ హద్దు సూర్యుడి బరువుకు సుమారు 1.4 రెట్లు. దాన్ని లెక్కగట్టినవాడు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. 1930లో పై చదువుకు ఓడలో ఇంగ్లండు వెళ్తూ ఈ లెక్క చేశాడు. అప్పటికి ఆయన వయసు 19. 1935లో ఎడింగ్టన్ అనే మహా పండితుడు నిండు సభలో ఆ లెక్కను ఎగతాళి చేశాడు. 1983లో చంద్రశేఖర్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. నిజం చెప్పాలంటే చంద్రశేఖర్‌ది మనలాంటి ఇల్లు కాదు. సి.వి. రామన్ ఆయనకు స్వయానా చిన్నాన్న. ఇంటి నిండా పుస్తకాలు. అయినా పెద్ద పేరున్నవాళ్ళు నవ్వినంత మాత్రాన లెక్క తప్పు కాదన్న సంగతి అందరికీ పనికొచ్చేదే.

పేలుడు తర్వాత మిగిలేదాన్ని సూపర్‌నోవా శేషం అంటారు. మొదటి రకం పేలుడులో ఆ గర్భం న్యూట్రాన్ నక్షత్రంగానో, కృష్ణబిలంగానో మిగులుతుంది. రెండు రకాల్లోనూ ఒక మేఘం మిగులుతుంది. ఎగిరిన పొరలు సెకనుకు వేల కిలోమీటర్ల వేగంతో విస్తరిస్తూ, దారిలో ఉన్న వాయువును ఊడ్చుకుంటూ వేల ఏళ్ళ పాటు వెలుగుతాయి. ఆ మేఘం చల్లబడి, పలచబడి, వేరే మేఘాల్లో కలిసిపోతుంది. వాటిలోంచి మళ్ళీ కొత్త నక్షత్రాలు, గ్రహాలు పుడతాయి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మొదటి రకంలో గర్భంలోని ఇనుము అక్కడే చిక్కుకుపోతుంది కదా, మరి బయటికి వచ్చిన ఇనుము ఎక్కడిది? పేలుడు వేడిలో కొత్తగా నికెల్ తయారవుతుంది. అది నిలకడలేని నికెల్. సుమారు ఆరు రోజుల్లో అందులో సగం కోబాల్టు అవుతుంది. ఆ కోబాల్టులో సగం సుమారు 77 రోజుల్లో ఇనుము అవుతుంది. 1987 ఫిబ్రవరిలో మన పక్క గెలాక్సీలో ఒక నక్షత్రం పేలడం కనిపించింది. నెలల తరబడి దాని వెలుగు తగ్గిన తీరు సరిగ్గా ఈ కోబాల్టు లెక్కకు సరిపోయింది. ఇనుము పుట్టడాన్ని మనుషులు గడియారం పెట్టి చూసినట్టే అయింది.

నన్నయ కాలంలో పేలిన నక్షత్రం

1054 జూలై 4న వృషభ రాశిలో ఒక కొత్త నక్షత్రం కనిపించిందని చైనా వాళ్ళు రాసిపెట్టారు. 23 రోజుల పాటు అది పట్టపగలు కూడా కనబడింది. రాత్రిళ్ళు దాదాపు రెండేళ్ళ పాటు కనబడింది. అవి మన దగ్గర రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడు ఏలుతున్న రోజులు. ఆయన ఆస్థానంలో నన్నయ భారతాన్ని తెలుగు చేసిన కాలం. మన సాహిత్యం మొదలైన రోజుల్లో వెలిగిన ఆ నక్షత్రం శేషాన్ని ఇప్పుడు క్రాబ్ నెబ్యులా, అంటే పీత నెబ్యులా అంటున్నారు. మనకు సుమారు 6,500 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఇప్పటికీ సెకనుకు సుమారు 1,500 కిలోమీటర్ల వేగంతో విస్తరిస్తూనే ఉంది.

దాని నడుమ ఒక న్యూట్రాన్ నక్షత్రం సెకనుకు 30 సార్లు గిర్రున తిరుగుతోంది. సూర్యుడి కంటే ఎక్కువ బరువున్న ఆ గోళం వెడల్పు సుమారు 20 కిలోమీటర్లు. మన పేరాలలో బయలుదేరి బాపట్ల దాటి ఇంకొంచెం వెళ్తే ఎంతో అంత. అందులోంచి ఒక చెంచాడు పదార్థం తీస్తే కోట్లాది టన్నులు తూగుతుంది.

ఇలా తిరుగుతూ క్రమం తప్పకుండా రేడియో తరంగాలు పంపే నక్షత్రాలను పల్సార్లు అంటారు. వాటిని 1967లో మొదట గుర్తించింది జోసెలిన్ బెల్ అనే విద్యార్థిని. అప్పుడామె వయసు 24. మా కంటే ఒక్క ఏడాది పెద్ద. వందల అడుగుల పొడవున్న కాగితాల మీద గీతలు చూస్తూ, అందరూ వదిలేసే ఒక చిన్న గీతను ఆమె వదిలిపెట్టలేదు. 1974లో ఆ విషయానికి నోబెల్ బహుమతి ఆమె గురువుకు వచ్చింది, ఆమెకు రాలేదు. 2018లో వేరొక పెద్ద బహుమతిగా 30 లక్షల డాలర్లు వస్తే, భౌతికశాస్త్రంలోకి రాలేకపోతున్న వర్గాల విద్యార్థులకు స్కాలర్‌షిప్పులుగా ఇమ్మని ఆ డబ్బంతా ఇచ్చేసింది. స్కాలర్‌షిప్ కోసం ఎన్నిసార్లు ఆఫీసుల చుట్టూ తిరగాలో తెలిసిన మనకు ఆ పని విలువ వేరే చెప్పనక్కర్లేదు.

మన రైలు దారిలోనే

ఇవన్నీ ఎక్కడో దొరల దేశాల్లో జరిగే పనులు అనుకుంటారేమో. మన చీరాల స్టేషన్ మీదుగా చెన్నై వెళ్ళే రైలు సూళ్ళూరుపేట దాటే వెళ్తుంది. సూళ్ళూరుపేటలో దిగితే శ్రీహరికోట. మన ఓడరేవు నుంచి అదే సముద్రం ఒడ్డున దక్షిణంగా రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. అక్కడి నుంచి 2015 సెప్టెంబర్ 28న ఆస్ట్రోశాట్ ఎగిరింది. ఆ పీత నెబ్యులాలోని పల్సార్ నుంచి వచ్చే ఎక్స్ కిరణాలు ఏ దిక్కుగా కంపిస్తున్నాయో అది కొలిచింది. మళ్ళీ 2024 జనవరి 1న, లోకమంతా కొత్త సంవత్సరం కేకులు కోస్తున్న రోజున, ఉదయం 9 గంటల 10 నిమిషాలకు ఎక్స్‌పోశాట్ ఎగిరింది.

ఎక్స్‌పోశాట్‌లో రెండు పరికరాలు ఉన్నాయి. పోలిక్స్ అనేదాన్ని బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థ తయారు చేసింది. ఎక్స్‌స్పెక్ట్ అనేదాన్ని ఇస్రో వాళ్ళ యు.ఆర్. రావు ఉపగ్రహ కేంద్రం తయారు చేసింది. 2024 జనవరి 5న ఎక్స్‌స్పెక్ట్ మొట్టమొదట దేని వంక చూసిందో తెలుసా? కాసియోపియా-ఎ అనే సూపర్‌నోవా శేషం వంక. అది 11,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఆ నక్షత్రం పేలిన వెలుగు భూమికి చేరి సుమారు 350 ఏళ్ళు అయింది. 1999లో అమెరికా వాళ్ళ చంద్ర అంతరిక్ష టెలిస్కోపు విడుదల చేసిన మొదటి చిత్రం కూడా దీనిదే. ఆ టెలిస్కోపుకు పెట్టింది మనం ఇందాక చెప్పుకున్న చంద్రశేఖర్ పేరే.

ప్రతి మూలకానికీ ఎక్స్ కిరణాల్లో వేలిముద్ర లాంటి సొంత గుర్తు ఉంటుంది. ఎక్స్‌స్పెక్ట్ పంపిన గ్రాఫులో మెగ్నీషియం, సిలికాన్, గంధకం, ఆర్గాన్, కాల్షియం, ఇనుము గుర్తులు కనబడ్డాయి. చంద్ర టెలిస్కోపు సమాచారంతో లెక్కవేసిన వాళ్ళు ఆ ఒక్క శేషంలోనే భూమి బరువుకు 70 వేల రెట్లు ఇనుము, పది లక్షల రెట్లు ఆక్సిజన్ ఉందని తేల్చారు. ఒక్క నక్షత్రం చనిపోతూ విరజిమ్మిన సరుకు అది.

సూర్యుడు, భూమి పుట్టకముందు ఇలాంటి పేలుళ్ళు మన పాలపుంతలో లెక్కలేనన్ని జరిగాయి. ఆ శేషాల్లోని ఇనుమే భూమి గర్భంలో ఉంది. ఒంగోలు దగ్గర కొండల్లో ఇనుప రాయిగా ఉన్నది అదే. చిన్నప్పుడు పాత రేడియో స్పీకరు పగలగొట్టి తీసిన అయస్కాంతాన్ని తాడుకు కట్టి ఓడరేవు ఇసుకలో ఈడ్చుకుంటూ తిరిగితే నల్ల రేణువులు మీసాల్లా అంటుకునేవి. అందులో ఉన్నదీ ఆ ఇనుమే. పెద్ద మనిషి ఒంట్లో మూడు నాలుగు గ్రాముల ఇనుము ఉంటుంది. చిన్న మేకు అంత. మనం పీల్చిన గాలిలోని ఆక్సిజన్‌ను ఒంట్లో ప్రతి మూలకూ మోసేది రక్తంలోని ఆ ఇనుమే. మన ఒంట్లో ఉన్నదంతా పేలుళ్ళలోంచే రాలేదు. నీళ్ళలోని హైడ్రోజన్ విశ్వం పుట్టినప్పటిది. కర్బనం, నత్రజని చాలావరకు నెమ్మదిగా చనిపోయే చిన్న నక్షత్రాలవి. ఇనుము మాత్రం పేలిన నక్షత్రాలదే.

నీలి మాత్ర

ఇప్పుడు మన హాస్టల్ విషయానికి వద్దాం. వారానికి ఒకసారి నీలి రంగు ఐరన్ మాత్ర ఇస్తారు, గుర్తుందా? మేము దాన్ని నాలుక కింద దాచి, సారు అటు తిరగ్గానే కిటికీలోంచి విసిరేసేవాళ్ళం. కడుపులో తిప్పుతుందనీ, విరేచనం నల్లగా అవుతుందనీ భయం. అది ఎందుకో, ఏమిటో మాకెవరూ వివరంగా చెప్పలేదు. మింగమన్నారు అంతే.

2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉంది. దానికి కారణాలు చాలా ఉన్నా పెద్ద కారణం ఇనుము లోపమే. మన అమ్మలు, అక్కలు, చెల్లెళ్ళే ఆ లెక్క. మెట్లెక్కితే ఆయాసపడే అమ్మను, పరీక్ష హాలులో కళ్ళు తిరిగే చెల్లిని మనం చూడలేదా? ఇనుమేమో ఒక్క శేషంలోనే భూమికి 70 వేల రెట్లు. భూమి బరువులో దాదాపు మూడో వంతు ఇనుమే. అయినా మన చెల్లి రక్తంలో చిటికెడు ఇనుముకు కరువు వచ్చింది. ఈ కరువు ఆకాశం తెచ్చింది కాదు. నక్షత్రం పేలినప్పుడు ఎవరికి ఎంత అని కొలిచి పంచలేదు. కంచం దగ్గర, కూలి దగ్గర, ఇంట్లో అందరూ తిన్నాక ఆడవాళ్ళు తినే అలవాటు దగ్గర మనుషులే కొలిచి పంచారు. మనుషులు చేసినదాన్ని మనుషులే సరిచేయగలరు.

అందుకని మొదటి మాట. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఆ మాత్రను పారేయకండి. భోజనం అయ్యాక వేసుకుంటే కడుపులో అంతగా తిప్పదు. మింగగానే టీ తాగకండి, టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. నిమ్మరసం పిండుకుంటే బాగా పడుతుంది. తోటకూర, పల్లీ బెల్లం ఉండ, గుడ్డు మెనూలో ఉన్న రోజున అవి నిజంగా కంచంలోకి వచ్చాయో లేదో చూసుకోండి. రాకపోతే మర్యాదగా, కలిసికట్టుగా అడగండి.

రక్తం గురించి మాట్లాడేవాళ్ళకు

రక్తం పేరు చెప్పి మనుషుల్ని విడదీసే మాటలు మనం పుట్టినప్పటి నుంచి వింటున్నాం. ఎవరి రక్తం గొప్పది, ఎవరి పుట్టుక తక్కువది అని. పెద్ద ఇంటివాళ్ళ రక్తంలోని ఇనుమూ, పాకలోవాళ్ళ రక్తంలోని ఇనుమూ ఒకే నక్షత్రాల శేషం. ఏ ప్రయోగశాలకు తీసుకుపోయినా రెండిటికీ ఎక్స్ కిరణాల్లో అదే వేలిముద్ర పడుతుంది. నైతికంగా అంబేద్కర్ చెప్పిన సమానత్వానికి నక్షత్రాల సాక్ష్యం అవసరం లేదు. కానీ అవతలివాళ్ళు పుట్టుకను సాక్ష్యంగా తెచ్చినప్పుడు, అసలు పుట్టుక ఏదో చెప్పగలగాలి. చెప్పాలంటే చదవాలి.

నక్షత్రాల వెలుగులోని గీతలను చదివే విద్యలో ఒక ముఖ్యమైన సమీకరణం మేఘనాద్ సాహాది. 1893లో ఢాకా దగ్గర ఒక పల్లెలో చిన్న దుకాణదారు ఇంట్లో పుట్టాడు. 1905లో బెంగాల్ విభజనకు నిరసనగా నిలబడినందుకు స్కూలు నుంచి పంపేశారు, స్కాలర్‌షిప్ పోయింది. కలకత్తాలో చదివేటప్పుడు హాస్టల్‌లో కులం పేరు చెప్పి తోటి విద్యార్థులు ఆయనతో కలిసి భోజనానికి కూర్చోలేదు. ఆ కుర్రాడే 1920లో, నక్షత్రాల్లో ఎంత వేడికి ఏ మూలకం ఏ స్థితిలో ఉంటుందో చెప్పే సమీకరణం ప్రపంచానికి ఇచ్చాడు. హాస్టల్ భోజనాల దగ్గర పక్కన పెట్టిన మనిషి లెక్క లేకుండా ఇవాళ ఏ నక్షత్రం గురించీ పాఠం చెప్పలేరు.

ఇంకొక పేరు కూడా చెప్పక తప్పదు. గుంటూరు నుంచి వెళ్ళిన రోహిత్ వేముల హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి. 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్నాడు. కార్ల్ సేగన్ లాగా సైన్సు రచయిత కావాలని ఎప్పుడూ అనుకునేవాడినని చివరి ఉత్తరంలో రాశాడు. మనిషిని ఒక మనసుగా, నక్షత్ర ధూళితో అయిన గొప్ప వస్తువుగా ఎవరూ చూడలేదని బాధపడ్డాడు. మేము ఇంటర్‌లో ఉండగా ఆ ఉత్తరం మొదటిసారి చదివి ఆ రాత్రి నిద్రపోలేదు. నక్షత్ర ధూళి అనే మాట మాకు పాఠ్యపుస్తకంలో కాదు, అక్కడ తగిలింది. ఆ ఉత్తరంలో మనం తీసుకోవాల్సింది ఆ కోరికను. దాన్ని బతికి నెరవేర్చాలి. ఎవరికైనా బతుకు బరువుగా అనిపిస్తే ఒంటరిగా మోయకండి. గదిలో పక్క మంచం మీదివాడికి చెప్పండి, వార్డెన్ గారికి చెప్పండి, మాకు ఫోన్ చేయండి. అర్ధరాత్రయినా ఎత్తుతాం.

మేడ తాళం

ఇక పెద్దాయన ప్రశ్నకు జవాబు. ఉద్యోగం కావాలి. మాకూ కావాలి. మాతో చదివినవాళ్ళలో బీఈడీ చేసి డీఎస్సీ రాసినవాళ్ళు, సచివాలయంలో చేరినవాళ్ళు ఉన్నారు. వాళ్ళ జీతంతో ఇంట్లో పొయ్యి వెలుగుతోంది. వాళ్ళను మేము ఒక్క మాట అనం. అయితే ఈ చదువులో కూడు లేదన్న మాట సరికాదు. డిగ్రీ అయ్యాక జామ్ పరీక్ష రాస్తే ఐఐటీల్లో ఎమ్మెస్సీ చదవచ్చు. ఎమ్మెస్సీ అయ్యాక నెట్ రాసి ఫెలోషిప్ తెచ్చుకుంటే పరిశోధన చేసే ఐదేళ్ళూ నెలనెలా భృతి వస్తుంది. 2023 నుంచి మొదటి రెండేళ్ళకు అది నెలకు 37 వేల రూపాయలు. షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు వేరే జాతీయ ఫెలోషిప్ ఉంది. ఈ దారులు మాకు డిగ్రీ మూడో ఏడు దాకా తెలియవు. చెప్పేవాళ్ళు లేక తెలియలేదు. మీకు పదో తరగతిలోనే తెలియాలని ఇక్కడ రాస్తున్నాం. ఆస్ట్రోశాట్, చంద్ర పంపిన పాత సమాచారం కూడా ఎవరైనా ఉచితంగా తీసి చూసుకునేలా పెట్టారు. కంప్యూటర్, నెట్ ఉంటే చాలు. కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్ అడగరు.

అధికారులకూ, పెద్దలకూ మా కోరికలు మూడు. ఒకటి, నెలకొక రాత్రి, అమావాస్యకు దగ్గర్లో, గంటసేపు హాస్టల్ దీపాలు ఆర్పి పిల్లల్ని మేడ మీదకు పంపండి. టెలిస్కోపు కొనే దాకా ఆగనక్కర్లేదు, కళ్ళు చాలు. రెండు, ఆ గంట అమ్మాయిల హాస్టల్‌కు కూడా ఇవ్వండి. సాయంత్రం గేటుకు తాళం, మేడకు తాళం వేస్తే మన చెల్లెళ్ళు చదువు పూర్తయ్యే దాకా రాత్రి ఆకాశాన్ని కిటికీ ఊచల్లోంచే చూడాలి. భద్రత కావాలి, కాదనం. మేడమ్ గారు, కాపలా అక్క తోడుండి చూపించవచ్చు. మూడు, శ్రీహరికోటలో ప్రయోగాలు చూడటానికి 2019 నుంచి జనం కూర్చునే గ్యాలరీ ఉంది. ఏడాదికొకసారి పిల్లల్ని రైలెక్కించి తీసుకెళ్ళండి. విహారయాత్ర ఖర్చు అక్కడికి సరిపోతుంది.

ఇవి అడగడానికి మొహమాటం ఎందుకు? 1921లో మునిసిపాలిటీ పన్ను కట్టబోమని మన చీరాల, పేరాల జనం దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట ఇళ్ళు వదిలి, ఊరి బయట రామనగరంలో పాకలు వేసుకుని 11 నెలలు ఉన్నారు. అలాంటి ఊళ్ళో ఉంటూ మేడ తాళంచెవి అడగడం పెద్ద పనేమీ కాదు.

ఆరుద్ర కార్తె మన రైతులందరికీ తెలుసు. జూన్ చివర్లో సూర్యుడు ఆరుద్ర నక్షత్రం దగ్గర ఉండే రోజులవి. అందుకే ఆ కార్తెలో ఆ నక్షత్రం రాత్రిపూట కనబడదు. చలికాలం రాత్రుల్లో ఎర్రగా కనబడుతుంది. ఇంగ్లీషులో దాన్ని బెటెల్‌జూస్ అంటారు. అదీ పేలబోయే నక్షత్రమే. రాబోయే లక్ష సంవత్సరాల లోపు ఎప్పుడైనా పేలవచ్చు. 2019 చివర్లో అది బాగా మసకబారితే పేలుతుందేమోనని లోకమంతా చూసింది. తీరా చూస్తే అది కక్కిన దుమ్ము దానికే అడ్డం వచ్చిందని తేలింది. మన తాతలు విత్తనాలకు లెక్కపెట్టిన చుక్క అది. చుక్కలు లెక్కపెట్టడం మన ఇళ్ళలో ఎప్పటి నుంచో ఉన్న పనే అని ఆ పెద్దాయనకు మా మనవి.

ఈసారి వార్షికోత్సవం ఫిబ్రవరిలో అంటున్నారు. సభ, పాటలు, భోజనాలు అయ్యాక అందరూ మేడ మీదకు రండి. ఆరుద్రను చూపిస్తాం. దక్షిణాన తెల్లగా మెరిసే అగస్త్య నక్షత్రం చూపిస్తాం. దానికి ఎడమగా, కొంచెం పైగా, వేలా అనే శేషం పరుచుకుని ఉంది. పేలి సుమారు 11 వేల ఏళ్ళు అయింది. నిండు చంద్రుళ్ళను 16 మందిని వరసగా పేర్చినంత వెడల్పు ఉన్నా కంటికి ఆనదు. ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తాం. మీరు చేయాల్సిందల్లా షామియానా లైట్లు కాసేపు ఆర్పించడం, తాళంచెవి ఎవరి దగ్గరుందో ముందే కనుక్కుని ఉంచడం.